చిల్లర నాణేల బ్యాంకు
(మాగీ లీనా వాకర్ జీవితం)

పాఠ్యభాగ పరిచయం

వచన సాహిత్య ప్రక్రియలలో జీవిత చరిత్ర ఒకటి. ఒక వ్యక్తి పుట్టుపూర్వోత్తరాలను, ఆ వ్యక్తి జీవించిన కాలపు స్థితిగతులను, సాధించిన విజయాలను, ఎదుర్కొన్న వైఫల్యాలను ఉన్నవి ఉన్నట్లుగా తెలియజేయడం ఈ ప్రక్రియ లక్షణం. అమెరికాలో బ్యాంకును స్థాపించి, దానికి అధ్యక్షత వహించిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ మాగీ లీనా వాకర్. పొదుపు, పరస్పర సహకారం, స్వయంకృషి అనే గుణాలు అణగారిన సమాజానికి ఏ విధంగా ఆసరా అయ్యాయో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అది 1903వ సంవత్సరం నవంబరు 2వ తేదీ, సోమవారం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియా రాష్ట్రానికి రాజధాని అయిన రిచ్మండ్ నగరంలో సెయింట్ లూక్ హాలు ముందు జనం బారులు తీరారు. వారంతా నల్లజాతి ప్రజలు. ఆనాడు అక్కడ ఒక కొత్త బ్యాంకు ప్రారంభమవుతున్నది. కొందరు వంద డాలర్లకు మించిన మొత్తాలను తెచ్చారు. మరికొందరి చేతుల్లో నాలుగైదు డాలర్లే ఉన్నాయి. ఒకరు కేవలం 31 సెంట్లతో ఖాతా తెరిచారు. ఆ సాయంత్రానికి 280 ఖాతాలు ఏర్పడ్డాయి. ఎనిమిది వేల డాలర్లకు పైగా డిపాజిట్లు చేరాయి. ఆ బ్యాంకు పేరు సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్. పెన్నీ అంటే ఒక సెంటు నాణెం. డాలరులో నూరవ వంతు. ఆ బ్యాంకు అధ్యక్షురాలు మాగీ లీనా వాకర్.

ఈ నాటి విద్యార్థికి బ్యాంకులో డబ్బు దాచుకోవడం విశేషంగా తోచకపోవచ్చు. కాని ఆ రోజు ఆ వరుసలో నిలబడిన వారికి అది సాహసమే. వారి కన్నవారు, తాతలు బానిసలుగా బతికినవారు. బానిసత్వం రద్దయిన 1865లోనే విముక్తులైన నల్లజాతి ప్రజల పొదుపు కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్ అనే సంస్థ ఏర్పడింది. అది అనేక నగరాలలో శాఖలు తెరిచింది. నిరుపేదలు నమ్మకంతో తమ కష్టార్జితాన్ని అందులో దాచుకున్నారు. నిర్వాహకుల అక్రమాల వల్ల, విచక్షణ లేకుండా ఇచ్చిన అప్పుల వల్ల 1874లో ఆ బ్యాంకు కుప్పకూలింది. అరవై వేల మందికి పైగా ఖాతాదారుల సొమ్ము చిక్కుబడిపోయింది. చాలా మందికి దాచుకున్న దానిలో కొంత భాగమే తిరిగి దక్కింది. కొందరికి అదీ దక్కలేదు. పాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగను కూడా ఊది ఊది తాగుతుందంటారు. బ్యాంకు అన్న మాట వింటేనే బెదిరిపోయే ప్రజల చేత మళ్లీ బ్యాంకులో డబ్బు వేయించడానికి పెట్టుబడి కంటె ముందు నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని కూడబెట్టడమే మాగీ వాకర్ జీవిత కథ.

మాగీ 1864 జూలై 15న రిచ్మండ్‌లో జన్మించింది. అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్నది. బానిసత్వాన్ని కొనసాగించాలని పోరాడుతున్న దక్షిణాది రాష్ట్రాల కూటమికి రిచ్మండే రాజధాని. మాగీ తల్లి ఎలిజబెత్ డ్రేపర్ ఒకప్పటి బానిస. ఆమె ఎలిజబెత్ వాన్ లూ అనే సంపన్నురాలి భవనంలో వంటింటి సహాయకురాలుగా పనిచేసేది. ఈ వాన్ లూ దక్షిణాది రాజధానిలోనే నివసిస్తూ, బానిసత్వాన్ని ద్వేషించి, ఉత్తరాది సైన్యానికి రహస్య సమాచారాన్ని చేరవేసిన సాహసి. మాగీ తండ్రి ఎక్లెస్ కత్‌బర్ట్ ఐర్లండులో పుట్టిన శ్వేతజాతీయుడు. నల్లజాతి స్త్రీకి, తెల్లజాతి పురుషునికి మధ్య వివాహాన్ని ఆనాటి చట్టం అంగీకరించలేదు. కొంతకాలానికి ఎలిజబెత్ అదే భవనంలో పనిచేస్తున్న విలియం మిచెల్‌ను వివాహమాడింది. వారికి జానీ అనే కుమారుడు కలిగాడు. విలియంకు ఒక హోటలులో ప్రధాన వడ్డనకారుని ఉద్యోగం దొరకడంతో ఆ కుటుంబం సొంతంగా కాపురం పెట్టింది.

ఆ సుఖం ఎంతో కాలం నిలవలేదు. 1876లో విలియం మిచెల్ శవం జేమ్స్ నదిలో దొరికింది. అధికారులు దానిని ఆత్మహత్యగా నిర్ణయించారు. కుటుంబ సభ్యులు మాత్రం ఆయనను ఎవరో దోచుకొని చంపి ఉంటారనే నమ్మారు. సంపాదించే దిక్కు లేకపోగా, తల్లి ఇతరుల ఇండ్ల బట్టలు ఉతికి పిల్లలను పోషించవలసి వచ్చింది. బడి నుంచి వచ్చిన మాగీ తమ్ముణ్ణి చూసుకునేది. ఉతికిన బట్టల గంపను మోసుకొని తెల్లవారి ఇండ్లకు వెళ్లి అప్పగించి వచ్చేది. తాను వెండి చెంచాతో గాక, నెత్తిన బట్టల గంపతో పుట్టినదాన్నని ఆమె తరువాతి కాలంలో చెప్పుకొనేది. రెక్కలు ముక్కలు చేసుకొనే స్త్రీ చేతికి ఎంత తక్కువ డబ్బు వస్తుందో, ఆ తక్కువలోనే రేపటి కోసం కొంత మిగల్చడం ఎంత కష్టమో ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు.

మాగీ చదువులో చురుకైనది. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన నార్మల్ స్కూలులో ఉపాధ్యాయ శిక్షణ పొంది 1883లో పట్టభద్రురాలైంది. ఆనాడు నగరంలోని తెల్లజాతి విద్యార్థులకు పట్టాల ప్రదానం పెద్ద నాటకశాలలో జరిగేది. నల్లజాతి విద్యార్థులకు మాత్రం చర్చిలో జరిగేది. పన్నులు అందరూ చెల్లిస్తున్నప్పుడు ఈ భేదం ఎందుకని మాగీ, ఆమె సహాధ్యాయులు ప్రశ్నించారు. నాటకశాలలో వేరుగా కూర్చోబెడతామంటే అందుకు వారు ఒప్పుకోలేదు. చివరకు తమ పాఠశాలలోనే పట్టాలు తీసుకున్నారు. ఆ తరువాత ఆమె మూడేండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1886లో ఆర్మ్‌స్టెడ్ వాకర్‌ను వివాహం చేసుకుంది. ఆయనది ఇటుకల వ్యాపారం, గృహనిర్మాణం చేసే కుటుంబం. పెండ్లయిన స్త్రీ బడిలో పాఠాలు చెప్పకూడదన్నది ఆనాటి నియమం. అందువల్ల మాగీ ఉద్యోగాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఒక తలుపు మూసుకుపోయినా ఆమె ముందు మరొక దారి ఉన్నది. చిన్ననాటి నుంచే ఆమె ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ అనే పరస్పర సహాయ సంఘంలో సభ్యురాలు. ఈ సంఘాన్ని 1867లో బాల్టిమోర్ నగరంలో మేరీ ప్రౌట్ అనే నల్లజాతి మహిళ స్థాపించింది. సభ్యులు కొద్దిపాటి చందా క్రమం తప్పక చెల్లిస్తారు. ఎవరైనా జబ్బుపడితే సంఘం ఆదుకుంటుంది. మరణిస్తే అంత్యక్రియల ఖర్చు భరిస్తుంది. బీమా సంస్థలు నల్లజాతి వారిని చిన్నచూపు చూసే ఆ రోజులలో పేదలకు ఇటువంటి సంఘాలే దిక్కు. మాగీ ఈ సంఘంలో చిన్న పదవుల నుంచి ఒక్కొక్క మెట్టు ఎక్కింది. 1895లో పిల్లల కోసం బాల విభాగాన్ని ఏర్పాటు చేయించింది. పొదుపు అలవాటు పసితనంలోనే నాటుకోవాలని ఆమె విశ్వాసం.

1899లో సంఘం ప్రధాన కార్యదర్శి పదవి ఆమెను వరించింది. అది పూలపాన్పు కాదు. అప్పటికి సంఘం ఖజానాలో మిగిలిన నగదు 31 డాలర్ల 61 సెంట్లు. సభ్యుల సంఖ్య క్షీణిస్తున్నది. మునుపటి కార్యదర్శికి ఇచ్చిన దానికంటె తక్కువ జీతానికి అంగీకరించి ఆమె ఆ బాధ్యతను స్వీకరించింది. ఊరూరా తిరిగింది. లెక్కలు సరిచేసింది. కొత్త సభ్యులను చేర్చింది.

1901 ఆగస్టులో జరిగిన సంఘం వార్షిక సభలో మాగీ తన ప్రణాళికను ప్రకటించింది. సంఘానికి మూడు కావాలని ఆమె కోరింది. మొదటిది పత్రిక, రెండవది దుకాణం, మూడవది బ్యాంకు. ఆమె వాదన సరళమైనది. నల్లజాతి కార్మికుడు చెమటోడ్చి సంపాదించిన డబ్బు తెల్లవారి బ్యాంకులో చేరుతున్నది. ఆ బ్యాంకు ఆ డబ్బును తెల్లవారికి అప్పుగా ఇస్తుంది. దాచుకున్నవాడు ఇల్లు కట్టుకోవడానికి అప్పు అడిగితే మాత్రం పొమ్మంటుంది. అంటే పేదవాని పొదుపు వాని చేతిని దాటి, వానిని అణచేవారికే బలమవుతున్నది. మన డబ్బును మన బ్యాంకులో ఒకచోట చేర్చుకొని, మనకే అప్పుగా ఇచ్చుకొని, ఆ ఫలాన్ని మనమే అనుభవిద్దామన్నది ఆమె ప్రబోధం. చిల్లర నాణేలను డాలర్లుగా మార్చే బ్యాంకు కావాలని ఆమె అన్నది.

ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1902లో, సెయింట్ లూక్ హెరాల్డ్ అనే వారపత్రిక వెలువడింది. అదే సంవత్సరం వర్జీనియాలో అమలులోకి వచ్చిన కొత్త రాజ్యాంగం ఓటు పన్ను వంటి ఆంక్షలతో నల్లజాతి వారి ఓటు హక్కును దాదాపుగా హరించింది. ఇటువంటి అన్యాయాలపై ఆ పత్రిక గొంతెత్తింది. ఇక బ్యాంకు కోసం మాగీ మరల విద్యార్థిని అయింది. రిచ్మండ్‌లోని మర్చంట్స్ నేషనల్ బ్యాంకుకు రోజూ కొన్ని గంటలు వెళ్లి, జమాఖర్చులు రాసే తీరును, అప్పులిచ్చే పద్ధతిని, నగదు నిల్వ ఉంచవలసిన లెక్కను దగ్గర నుండి చూసి నేర్చుకున్నది. ఆవేశంతో సంస్థలు పుట్టవచ్చును గాని, నిలవడానికి విషయ పరిజ్ఞానం కావాలని ఆమె గుర్తించింది. 1903 జూలైలో అనుమతి పత్రం లభించింది. నవంబరులో బ్యాంకు తలుపులు తెరుచుకున్నాయి.

ఆ బ్యాంకులో స్త్రీలకు గౌరవస్థానం లభించింది. పాలకమండలిలో స్త్రీలు సభ్యులయ్యారు. నల్లజాతి స్త్రీకి ఇంటిపని, బట్టలుతికే పని, పొగాకు కర్మాగారంలో కూలిపని తప్ప వేరొక పని దొరకడం దుర్లభమైన ఆ కాలంలో గుమాస్తాలుగా, లెక్కలు రాసే ఉద్యోగినులుగా ఆమె వారిని నియమించింది. పిల్లలకు అట్టతో చేసిన చిన్న డబ్బాలు ఇచ్చి అందులో సెంట్లు వేయమనేది. ఒంటికాలుతో బూట్లకు పాలిష్ చేసి బతికే ఒక బాలుని ఉదంతాన్ని ఆమె ఇష్టంగా చెప్పేది. ఒక కుర్చీ, చంకలో బ్రష్షులు తప్ప ఆ బాలునికి వేరే ఆస్తి లేదు. బ్యాంకులో చేరిన ఏడాదికి అతని పొదుపు యాభై డాలర్లయింది. బ్యాంకు సాయంతో మూడు కుర్చీల చిన్న దుకాణం అద్దెకు తీసుకున్నాడు. ఏడేండ్లు తిరిగేసరికి అతనికి పన్నెండు కుర్చీల సొంత దుకాణం ఏర్పడింది. తల్లికి ఒక ఇల్లు కొని ఇచ్చాడు. 1920 నాటికి ఆ బ్యాంకు ఇచ్చిన అప్పులతో దాదాపు ఆరు వందల కుటుంబాలు సొంత ఇండ్లను సంపాదించుకున్నాయి.

మాగీ సంకల్పించిన పనులన్నీ ఫలించాయని చెప్పడం సత్యం కాదు. 1905లో రిచ్మండ్‌లోని ప్రధాన వీధిలో సెయింట్ లూక్ ఎంపోరియం అనే పెద్ద దుకాణాన్ని ప్రారంభించారు. నల్లజాతి యువతులకు అందులో అమ్మకపు ఉద్యోగాలు లభించాయి. కాని తెల్లజాతి వర్తకులు ఆ దుకాణాన్ని మూయించాలని ఏకమయ్యారు. సరుకులు సమకూరకుండా సరఫరాదారులపై ఒత్తిడి తెచ్చారు. అంతకంటె బాధాకరమైన విషయం మరొకటి ఉన్నది. సొంత జాతి వారే కావలసినంతగా ఆ దుకాణానికి రాలేదు. తనను అవమానించే దుకాణానికే డబ్బు మోసుకొని వెళ్లడం పగవానికి బలం పోయడమేనని ఆమె సభలలో హెచ్చరించింది. అయినా కొద్ది సంవత్సరాలలోనే ఆ దుకాణం నష్టాలతో మూతపడింది.

1904లో ట్రాము బండ్లలో జాతుల వారీగా వేరువేరు సీట్లను కేటాయించినప్పుడు మాగీ, రిచ్మండ్ ప్లానెట్ పత్రికా సంపాదకుడు జాన్ మిచెల్ జూనియర్ బహిష్కరణకు పిలుపునిచ్చారు. వేలమంది ట్రాము ఎక్కక కాలినడకన పనులకు వెళ్లారు. ఆ ఏడాదే ట్రాము కంపెనీ దివాలా స్థితికి చేరింది. అయితే రెండేండ్ల తరువాత వర్జీనియా ప్రభుత్వం వేరువేరు సీట్లను రాష్ట్రమంతటా చట్టబద్ధం చేసింది. గెలుపు వెంటనే ఓటమి, ఓటమి వెంటనే కొత్త ప్రయత్నం – ఇదే ఆమె జీవిత గమనం.

బ్యాంకుకు అసలైన పరీక్ష 1910లో ఎదురైంది. ఆ సంవత్సరం రిచ్మండ్‌లోనే ట్రూ రిఫార్మర్స్ అనే మరొక నల్లజాతి సంఘానికి చెందిన పేరుమోసిన బ్యాంకు పతనమైంది. సంఘం సొమ్ము, బ్యాంకు సొమ్ము కలగలిసిపోతే ఒకటి మునిగినప్పుడు రెండవది కూడా మునుగుతుంది. ఇటువంటి సంఘాలు తమ బ్యాంకుల నుంచి వేరుపడాలని ప్రభుత్వం నియమం విధించింది. మాగీ ఆ నియమాన్ని పాటించి లెక్కలను వేరుచేసింది. సంస్థ సెయింట్ లూక్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీగా రూపాంతరం చెందింది. చుట్టూ ఉన్న బ్యాంకులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నా ఆ బ్యాంకు నిలిచింది. పొదుపు చేసినవాని సొమ్మును అడిగిన రోజున తిరిగి ఇవ్వగలగడమే బ్యాంకుకు అసలు ప్రతిష్ఠ.

వ్యక్తిగత జీవితం కూడా ఆమెను కఠినంగా పరీక్షించింది. 1907లో ఇంటి మెట్లపై జారిపడి మోకాలికి గాయమైంది. ఆ బాధ క్రమంగా ముదిరి, చివరి సంవత్సరాలలో ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. 1915 జూన్‌లో ఇంటి వద్ద దొంగ తిరుగుతున్నాడని భ్రమించిన కుమారుడు రస్సెల్ తుపాకి పేల్చగా, ఆ గుండుకు తండ్రి ఆర్మ్‌స్టెడ్ బలి అయ్యాడు. భర్తను పోగొట్టుకున్న మాగీ హత్యానేరం మోపబడిన కుమారుని పక్షాన న్యాయస్థానంలో నిలవవలసి వచ్చింది. ఆ నవంబరులో రస్సెల్ నిర్దోషిగా విడుదలయ్యాడు. ఈ దుస్థితిని అవకాశంగా తీసుకొని ఆమెను పదవి నుంచి తొలగించాలని సంఘంలో కొందరు ప్రయత్నించారు. ఆమె వారికి తలవంచలేదు. 1922లో తల్లి, 1923లో రస్సెల్ మరణించారు. ఇన్ని శోకాల నడుమ కూడా ఆమె కార్యాలయానికి వెళ్లడం మానలేదు. చక్రాల కుర్చీ పట్టేటట్లు కారును మార్పించుకున్నది; ఇంట్లో లిఫ్టు అమర్చుకున్నది.

1920లో అమెరికా స్త్రీలకు ఓటు హక్కు లభించినప్పుడు రిచ్మండ్‌లోని నల్లజాతి స్త్రీలను ఓటర్లుగా నమోదు చేయించడానికి మాగీ పూనుకున్నది. 1921లో వర్జీనియా ప్రభుత్వ విద్యాధికారి పదవికి పోటీ చేసి ఓడిపోయింది. 1924 నాటికి సెయింట్ లూక్ సంఘంలో సుమారు యాభై వేల మంది సభ్యులు ఉండేవారు. 31 డాలర్ల ఖజానా నాలుగు లక్షల డాలర్లకు చేరువైన ఆస్తిగా మారింది.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అమెరికాలో వేలాది బ్యాంకులను తుడిచిపెట్టింది. మాగీ ముందుచూపుతో ఇతర నల్లజాతి బ్యాంకులతో విలీనానికి సిద్ధపడింది. ఆ విధంగా 1930లో కన్సాలిడేటెడ్ బ్యాంక్ అండ్ ట్రస్ట్ కంపెనీ అవతరించింది. తాను నాటిన మొక్కకు తన పేరే ఉండాలని ఆమె పట్టుపట్టలేదు. అధ్యక్ష పదవిని విడిచి పాలకమండలికి అధ్యక్షురాలుగా కొనసాగింది. 1934 డిసెంబరు 15న ఆమె కన్నుమూసింది. ఆమె అనంతరం కూడా ఆ బ్యాంకు దశాబ్దాల పాటు నల్లజాతి వారి యాజమాన్యంలోనే నడిచింది. 2005లో మరొక సంస్థ అధీనంలోకి వెళ్లింది. లీ వీధిలో ఆమె నివసించిన ఇల్లు జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. 2017 జూలై 15న, ఆమె జన్మదినాన, రిచ్మండ్‌లో ఆమె విగ్రహాన్ని ఆవిష్కరించారు.

చుక్క చుక్క కలిస్తేనే చెరువు నిండుతుంది. అయితే నిండిన నీరు నిలవాలంటే కట్ట గట్టిగా ఉండాలి. పేదల చిల్లర నాణేలు చుక్కలైతే, మాగీ వాకర్ నిజాయితీ, క్రమశిక్షణ, విషయ పరిజ్ఞానం ఆ చెరువుకు కట్ట అయ్యాయి. బట్టల గంప మోసిన బాలిక ఒక జాతి నమ్మకాన్ని మోసింది. 31 సెంట్లతో ఖాతా తెరిచిన వారిని కూడా గౌరవంగా చూసిన బ్యాంకు ఆమెది. ఆమె గొప్పతనం అక్కడే ఉన్నది.

అర్థాలు

కష్టార్జితం : కష్టపడి సంపాదించినది
విచక్షణ : మంచి చెడులను వేరుచేసి చూసే జ్ఞానం
ఖజానా : ధనాగారం
ప్రబోధం : మేల్కొలుపు, హితబోధ
దుర్లభం : సులభంగా లభించనిది
ఉదంతం : వృత్తాంతం
మాంద్యం : మందగించడం
విలీనం : ఒకదానిలో ఒకటి కలిసిపోవడం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. మాగీ వాకర్ బాల్యంలో ఎదుర్కొన్న కష్టాలు ఆమె ఆశయాలను ఏ విధంగా తీర్చిదిద్దాయి?
2. సెయింట్ లూక్ బ్యాంకు ఆవిర్భావ వికాసాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. 1874 నాటి బ్యాంకు పతనం నల్లజాతి ప్రజలపై ఎటువంటి ప్రభావం చూపింది?
2. పరస్పర సహాయ సంఘం పనిచేసే తీరును తెలపండి.
3. సెయింట్ లూక్ ఎంపోరియం మూతపడటానికి కారణాలు ఏవి?

III. కింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఒక తలుపు మూసుకుపోయినా ఆమె ముందు మరొక దారి ఉన్నది.
2. తాను నాటిన మొక్కకు తన పేరే ఉండాలని ఆమె పట్టుపట్టలేదు.

IV. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
కష్టార్జితం, విద్యార్థి, కార్యాలయం, విద్యాధికారి